రెండో చెంబు

నా నోరు మంచిది కాదని మా వాడల అందరంటరు. అననియ్యి. మంచి నోరున్నోళ్లు మస్తు మంది ఉండిరి మా వాడల, వాళ్లకు నీళ్లొచ్చినయా? మా ఆయన హనోకునే చూడుండ్రి. ఆదివారం చర్చిల కంజిర కొట్టుకుంట పాట ఎత్తుకున్నడంటె ముసలోళ్లు కండ్లు తుడుసుకుంటరు, గంత మంచి నోరు. గా నోటితోనే పటేలు కనవడితె "దండం పటేలా" అంటడు, ఇంటికొచ్చి వాగు నీళ్లు తాగి పండుకుంటడు. నాకు గది చేతకాలే.

మాది సిర్గాపూర్ దిక్కు చిన్న ఊరు. ఊరొక దిక్కు, మా వాడొక దిక్కు, నడుమ చింతచెట్ల తోవ. మా తాతల కాలంల మిషనోళ్లొచ్చి బాప్తిస్మం ఇచ్చిండ్రు. మా పేర్లు మారినయి, మేం గ్రేసమ్మలం అయినం, హనోకులం అయినం, గని మా బిందెలు పెట్టే జాగ మారలే.

ఏ జాగ అంటరా? చెప్త. పంచాయతి ఆఫీసు ముందట సర్కారోళ్లు బోరింగు వేసిండ్రు. చేతితోని కొడితె నీళ్లొచ్చే బోరింగు. సర్కారుదంటె అందరిది కావాలె కద? కాలే. మేం బిందెలు పట్టుకపోయి దూరం నిలబడాలె. ఊరి ఆడోళ్లు ఎవలన్న దయతలిస్తె, వాళ్లు కొట్టి, మీదికెళ్లి మా బిందెలల్ల పోస్తరు. హ్యాండిల్ మీద మాత్రం మా చెయ్యి వడొద్దు. వానకాలం పోస్తుండిరి, చలికాలం పోస్తుండిరి. ఎండకాలం వచ్చిందంటె ఎవల పరేషాన్ వాళ్లది, మా దిక్కు చూసేటోళ్లే ఉండరు. ఇగ ఖాళీ బిందెలు నెత్తిన పెట్టుకోని వాగుకు పోవుడే. ఎండిన వాగుల ఇసుక తోడి చెలిమె చేస్తె అడుగున ఇన్ని నీళ్లు ఊరుతయి. ఉప్పగ, మట్టి వాసనతోని. గవే వంటకు, గవే తాగనీకి.

నా కోడలు రిబ్కమ్మ. నా కొడుకు హైదరాబాదుల తాపీ పనికి పోతడు, పిల్ల నా తానే ఉంటది. పోయినేడు ఎండకాలం గా వాగు ఒడ్డు ఎక్కుకుంట నిండు బిందెతోని జారి పడ్డది. కడుపుతోనుండె అప్పుడు. నారాయణఖేడ్ దవాఖానకు ఎడ్లబండి మీద తీస్కపోయినం గని, పోయేవరకే అంతా అయిపోయింది. ఆనాటి సంది గా పిల్ల నవ్వింది నేను చూడలే. ఈయేడు దేవుడు మళ్ల కడుపు పండిచ్చిండు. మళ్ల గదే ఎండకాలం, గదే వాగు, గదే ఒడ్డు. నేను పోత అంటె, "నీ మోకాళ్లతోని యాడ దిగుతవత్తా" అని బిందె గుంజుకుంటది. ఆమె వాగుకు పోయిందంటె, మళ్ల చింతచెట్ల కాడ కనవడేదాక నా పాణం నా తాన ఉండకపోతుండె. నాకు ఎంపీలతోని పని లేదు, పార్టీలతోని పని లేదు. గీ పిల్ల వాగు దిగొద్దు. గంతే నేను కోరింది.

ఒకనాడు పొద్దుగాల దూరం నిలబడి నిలబడి కాళ్లు గుంజినయి. ఒక్కతి మా దిక్కు తిరగది. వీరప్ప పటేలు పెండ్లాం కాశమ్మ నింపుకునుడు అయిపోయింది, ఇంకొకతె నింపుకుంది, మాటలు చెప్పుకుంట పోతుండ్రు. బోరింగు కాడ ఎవ్వలు లేరు. నాకు ఏమైందో ఏమో, పోయి హ్యాండిల్ పట్టుకున్న. ఒక్కటే ఒక్క గుంజు గుంజిన.

"అయ్యయ్యో! ముట్టుకున్నది! చూడుండ్రి, ముట్టుకున్నది!" కాశమ్మ ఎనుకకు ఉరికొచ్చి నా బిందెను కాలితోని తన్నింది. తను నింపుకున్న నీళ్లు కూడా నేల మీద పారవోసింది. మండే ఎండల, నిండు బిందె నీళ్లు.

నాకు గా తన్నుడు కంటె గా పారవోసుడుకే మండింది. "గంత ఎక్కువైనయా నీళ్లు? నా కోడలి కడుపుల పిల్లకు పోస్తె నీ సొమ్మేం పోతుండె?" అని ఒర్రిన.

పంచాయతి అరుగు మీదికెళ్లి వీరప్ప పటేలు దిగొచ్చిండు. గాయన ఒర్రడు. గదే గాయనతోని తంటా. ఒర్రేటోడైతె నేను గూడ ఒర్రుదును. మీసం కింద నవ్వుకుంట మెల్లగ మాట్లాడతడు.

"గ్రేసీ, నీతోని లొల్లి పెట్టుకునుడు నా తరం గాదు. ఒక మాట చెప్త ఇను. ఓట్లొచ్చినయి. ఎంపీ దిగంబరరావు మనూరికొస్తుండు. ఎసొంటి దొరల ఇంట్ల పుట్టిండో ఎరుకనే గద? గాయన నీ ఇంటి ముందట, నీ చేతి నీళ్లు తాగనీ. గాయనకు లేని పట్టింపు మాకేంది? తెల్లారి నువ్వే వచ్చి బోరింగు కొట్టుకో. కాశమ్మే గాదు, ఎవలడ్డమొచ్చినా నేను జవాబిస్త."

"అందరి ముందట అంటున్నవ్ పటేలా."

"అందరి ముందటనే అంటున్న. గాయన తాగకుంటె మాత్రం గీ ముచ్చట మళ్ల తీయొద్దు. నువ్వు గాదు, నీ వాడోళ్లు ఎవ్వలు బోరింగు ఛాయలకు రావొద్దు. దూరం నిలబడి అడుక్కునుడు గూడ బంద్."

చుట్టు ఉన్నోళ్లందరు నవ్విండ్రు. ఎందుకు నవ్విండ్రో నాకెరుకే. దిగంబరరావు యాడికి పోయినా భూమన్న అని ఒక మనిషి ఎంట ఉంటడు. గా మనిషి భుజానికి పెద్ద ఇత్తడి మరచెంబు, మూతకు మర తిప్పి బిగించేటిది. దొర ఇంటి బాయి నీళ్లు అండ్ల పోసుకోని తిరుగుతరు. ఎవలింటికి పోయినా దొర గా నీళ్లే తాగుతడు. పెద్దపెద్దోళ్ల పెండ్లిలల్ల గూడ మరచెంబు తెప్పిచ్చుకునే తాగుతడని చెప్పుకుంటుండిరి. గసొంటోడు వాడల నీళ్లు తాగుతడా?

ఇంటికొచ్చినంక హనోకు తల పట్టుకున్నడు. "ఏం పని చేసినవే గ్రేసీ. దూరం నిలబడితె వానకాలమన్న పోస్తుండిరి. ఇప్పుడు గది గూడ పోగొట్టినవ్. వాడంతటికి పోగొట్టినవ్."

వాడోళ్లు గూడ గదే మాట. మా పక్కింటి సాలమ్మ అయితె నా మొకం చూసుడే బంద్ పెట్టింది. నాకు భయం కాలేదంటె అబద్ధం. గని అన్న మాట అన్నట్టే ఉన్నది, మింగితె పోతదా?

"నారాయణఖేడ్ పోదాం పా," అన్న హనోకుతోని. "ఎంపీ గెస్టుహౌసుల దిగిండట. నేనే పిలుస్త."

"నిన్ను లోపలికి రానిస్తరా?"

"రానియ్యకుంటె బయట నిలబడి ఒర్రుత. గది నాకు మంచిగ ఒస్తది."

బస్సెక్కినం. డిపో కాడ దిగి నడుసుకుంట పోతె గెస్టుహౌసు ముందట జనమే జనం. జీపులు, జెండాలు, మైకులు. పోలీసాయన కట్టె అడ్డం పెట్టిండు. నేను కట్టె కిందికెళ్లి దూరిన. హనోకు ఎనుక నా కొంగు పట్టి గుంజుతనే ఉన్నడు. ఎంపీ వరండల నిలబడి ఒక్కొక్కరి మాట ఇంటుండు. ఎత్తు మనిషి, తెల్ల ఖద్దరు, చేతికి బంగారు గడియారం. మొకం మీద నవ్వు కుట్టిపెట్టినట్టే ఉంటది, పోదు.

"సారూ! మా ఊరికొస్తుండ్రట. మా వాడకు గూడ రావాలె. మా ఇంటికి."

ఆయన నన్ను చూసి ఇంకింత నవ్విండు. "అవ్వా, నాకెన్ని ఊర్లో తెల్సా? కల్హేర్ దిక్కుకెళ్లి మొదలువెడితె చివరి ఊరు చేరేవరకు మొదటి ఊరోళ్లు నన్ను మరిచిపోతరు. ఊరికొక పూట పోయినా నా అయిదేండ్లు సాలవు."

గా మాట నిజమే అనిపిచ్చింది నాకు. అండ్ల అబద్ధం లేదు. ఒక్క మనిషి, గన్ని ఊర్లు. పాపం అని గూడ అనిపిచ్చింది ఒక్క గడియ. గని నాది ఒక్కటే ఊరాయె, ఒక్కటే కోడలాయె.

"అన్ని ఊర్లల్ల కూసోమంటలేను సారూ. మా ఇంటి ముందట జరంత నిలబడి, ఇన్ని నీళ్లు తాగి పోండ్రి. మా వాడ ఓట్లు జరన్నే. గని మా చుట్టాలు కల్హేర్ల ఉన్నరు, సిర్గాపూర్ల ఉన్నరు, ఊరూరి వాడల్ల ఉన్నరు. ఈ ఆదివారం ఒక చర్చిల అనుకున్నది పై ఆదివారానికి అన్ని చర్చిలల్ల తెలుస్తది."

ఆయన నవ్వు అట్లనే ఉన్నది గని కండ్లు మాత్రం నన్ను నిలబెట్టి చూసినయి. "వస్తనవ్వా. నీ ఇంట్ల నీళ్లు తాగకుంటె ఇంకెవలింట్ల తాగుత?" అన్నడు. గట్టిగనే అన్నడు, అందరు ఇన్నరు. ఎనుక భూమన్న మరచెంబు పట్టీ సర్దుకోని ఆకాశం దిక్కు చూసిండు.

వాపసొచ్చేటప్పుడు బస్సుల హనోకు అన్నడు, "అయిపాయె. తాగుతనన్నడు గద."

"అన్నడు," అన్న నేను. గా ఆకాశం చూసినోని మొకమే నా కండ్ల ముందట తిరుగుతుండె.

ఆయన వచ్చే దినం ఇల్లు అలికిన, వాకిలి అలికిన, నులక మంచం మీద దుప్పటి పరిచిన. చింతపండు పెట్టి రెండు చెంబులు తోమిన, మెరుస్తున్నయి. రెండెందుకంటె, ఇంటికి చుట్టం వచ్చిండంటె మొదటి చెంబు కాళ్లకు, రెండోది తాగనీకి. ఇది మా ఇండ్లల్లనే గాదు, ఊరోళ్ల ఇండ్లల్ల గూడ గంతే. గా రెండు చెంబుల కోసం రిబ్క నాకు చెప్పకుంట తెల్లారకముందే వాగు దిగొచ్చింది. నేను లేచి చూసేవరకు బిందె గడప కాడ ఉన్నది, పిల్ల గోడకు ఆనుకోని రొప్పుతుంది.

"సచ్చినదానా! చెప్పకుంట పోతవా!" అని తిట్టిన. తిట్టుకుంటనే ఆమె కాళ్లు ఒత్తిన. నాకు ఏడుపొచ్చింది.

ఎండ నెత్తి మీదికి వచ్చినంక జీపులొచ్చినయి. డప్పులు, పూలదండలు. వీరప్ప పటేలు ఎదురువోయి పంచాయతి కాడికి తీస్కపోయిండు. బోరింగు పక్కకే నిలబడి ఎంపీ మాట్లాడిండు. ఇంటింటికి మంచినీళ్లు తెస్తనన్నడు. మేం మా జాగల దూరం నిలబడి ఇన్నం. భూమన్న మధ్యల మరచెంబు మూత తిప్పి అందిచ్చిండు, ఆయన మీదికెత్తి తాగిండు, మళ్ల మాట్లాడిండు.

అటెనుక వాడ దిక్కు మళ్లిండ్రు. ఊరంతా ఎంట పడ్డది. గని వాడ మొదట్ల ఉన్న గోడ కాడికి రాంగనే ఊరోళ్లందరు ఆగిపోయిండ్రు, వీరప్ప, కాశమ్మ అందరు. ఆణ్నే నిలబడి మెడలు చాపి చూస్తుండ్రు. వాడోళ్లు గోడల పొంటి, కప్పుల మీద. ఏం జరగాల్నో అందరికి ఎరుకే.

నేను మొదటి చెంబు అందిచ్చిన. ఆయన రెండు చేతులతోని తీసుకున్నడు. "బంగారు తల్లివవ్వా," అన్నడు. చెప్పులిడిచి కాళ్ల మీద పోసుకున్నడు. మెల్లగ పోసుకున్నడు. ఒక కాలు, ఇంకొక కాలు, మళ్ల మొదటి కాలు. చుక్క లేకుంట వంపి, చెంబు నా చేతిల పెట్టి దండం పెట్టిండు.

"మంచి మర్యాద చేసినవ్. కడుపు నిండింది. పోయొస్త."

కాళ్లు కడుక్కున్నడు, కడుపు నిండిందట! చెంబు తీసుకున్నట్టే, తాగనట్టే. మనసుల ముందే అనుకోని వచ్చిండు. గోడ కాడికెళ్లి వీరప్ప పటేలు నవ్వుకుంట అన్నడు, "అయిపాయె గ్రేసీ. సారుకు మస్తు ఊర్లున్నయి, పోనియ్యి."

సాలమ్మ నా దిక్కు చూసింది. గా చూపుల తిట్టు గూడ లేదు. ఇగ గంతేనా అన్నట్టు చూసింది.

"రిబ్కా!" అని పిలిచిన.

నా కోడలు గడప దాటి వచ్చింది. రెండో చెంబు రెండు చేతులల్ల పట్టుకోని, నిండు కడుపుతోని, మెల్లగ. నీళ్లు తొణకనియ్యలే. తెచ్చి ఆయన ముందట నిలబడ్డది.

"కాళ్లకు ఇచ్చినంక తాగనీకి ఇచ్చుడు మా రివాజు సారూ. మీ ఇంట్ల గూడ గంతే గద?"

భూమన్న నడుమల జొర్రిండు. "సారుకు బయటి నీళ్లు పడయి. హైదరాబాదు డాక్టర్లు వద్దన్నరు. తీయ్ తీయ్."

"ఖేడ్‌ల అందరి ముందట తాగుతనన్నడు, నువ్వినలేదా? చెంబుకు బిగిచ్చిన మర చెవులకు గూడ బిగిచ్చుకున్నవా?"

కప్పుల మీదోళ్లు కిసకిస నవ్విండ్రు. గోడ కాడ నవ్వు లేదు. ఎంపీ ముందు గోడ దిక్కు చూసిండు. ఊరి ఓట్లన్ని గా వీరప్ప చేతిలున్నయి. అటెనుక వాడ దిక్కు చూసిండు. గీ వాడ ఎనుక ఎన్ని వాడలున్నయో నేనే చెప్పిననాయె. కుట్టిపెట్టిన నవ్వు కుట్లు ఊడుతున్నట్టయింది. నొసట చెమట. నాకు తెలిసింది, గీ మనిషికి గూడ భయమే అని.

చెయ్యి చాపి చెంబు తీసుకున్నడు.

మీదికెత్తిండు. మూతికి తగలకుంట పోసుకున్నడు. నీళ్ల ధార సీదా నోట్లకు పోయింది. అందరం చూసినం. "తాగిండు! తాగిండు!" అని వాడంతా ఒక్కసారి లేచింది. డప్పు మోగింది. హనోకు "స్తోత్రం, స్తోత్రం" అంటుండు. సాలమ్మ నన్ను కావలిచ్చుకుంది. చెంబు రిబ్క చేతిల పెట్టి ఆయన దండం పెట్టుకుంట జీపు దిక్కు నడిచిండు. జల్దీ జల్దీ నడిచిండు.

నేను సంబరపడబోయిన. గని ఆయన దండం పెడుతుండే గాని మాట లేదు. గిప్పటిదాక అవ్వా, తల్లీ అని ఎడతెగకుంట మాట్లాడినోడు, ఒక్క మాట అంటలేడు. మొకం చూసిన. నవ్వు లేదు. పెదిమలు బిగపట్టుకున్నడు. బుగ్గలు రెండు ఉబ్బి ఉన్నయి.

మింగలే! నీళ్లు పుక్కిట్లనే పెట్టుకున్నడు. జీపెక్కి, మలుపు తిరిగినంక థూ అని ఊంచుతడు. చూసినోళ్లకు తాగినట్టే. తెల్లారి వీరప్ప అంటడు, మలుపు కాడ ఊంచిండు, మేం చూసినం, గది తాగుడు గాదు అని. ఇగ బోరింగు జన్మల మాది గాదు.

నేను ఉరికిన. నా మోకాళ్ల నొప్పి యాడవోయిందో. జీపుకు అడ్డం పోయి నిలబడ్డ.

"సారూ, ఒక్క మాట. నీళ్లు ఎట్లున్నయి సారూ?"

ఆయన ఆగిపోయిండు. దండం పెట్టిండు మళ్ల. తల ఊపిండు, మంచిగున్నయన్నట్టు.

"తల ఊపితె మాకు తెల్వది. నోటితోని చెప్పుండ్రి. ఎట్లున్నయి?"

డప్పు ఆగింది. హనోకు వచ్చి నా రెక్క పట్టి గుంజిండు. "గ్రేసీ, నీకు దండం పెడత, జరుగు. పోలీసోళ్లున్నరు."

"సారుకు టైం అయితుంది, పక్కకు జరుగు!" వీరప్ప గోడ కాడికెళ్లే ఒర్రిండు. గాయన ఒర్రుడు నేను గప్పుడే ఇన్న.

"జరుగుత. సారు ఒక్క మాట అంటె జరుగుత. 'మంచిగున్నయి' అంటె అయిపాయె. మాట్లాడుడు సారుకు కష్టమా?"

ఇగ ఒక్కొక్కరికి సమజయితుంది. కప్పు మీదోళ్లు ముందుకు వంగిండ్రు. సాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోలీసాయన కట్టె పట్టుకోని వచ్చిండు గని ఎంపీ మొకం చూసి ఆణ్నే ఆగిండు, ఆయనకు గూడ తెలిసిపోయింది. ఎంపీ నా దిక్కు చూసిన చూపుంది సూడుండ్రి, నరికిపారేసే కోపం. గీయన అనుకుంటె మా కూలి పోతది, మా గుడిసెలు పోతయి, నా కొడుకును హైదరాబాదుల గూడ బతకనియ్యడు. గదంతా తెలిసే నిలబడ్డ. మలుపు దాక పోనిస్తె రిబ్క వాగు దిగాలె. గది గూడ తెలుసు.

గప్పుడు రిబ్క వచ్చి నా పక్కకు నిలబడ్డది. ఖాళీ చెంబు చేతిలనే ఉన్నది. ఎన్నడు పెద్దోళ్ల ముందట నోరు తెరవని పిల్ల.

"నేను తెచ్చిన సారూ గా నీళ్లు. తెల్లారకముందు వాగు దిగి తెచ్చిన. పోయినేడు గా ఒడ్డు మీదనే నా పిల్ల పోయింది. ఊంచకుండ్రి సారూ."

అడుక్కున్నట్టు అనలే. చిన్నపిల్లతోని చెప్పినట్టు అన్నది.

ఎంపీ ఆమె కడుపు దిక్కు చూసిండు. ఆమె చేతిల చెంబు దిక్కు చూసిండు. నాకైతె ఎండ గూడ ఆగినట్టయింది. కండ్లు గట్టిగ మూసుకున్నడు. గొంతుల ముడి కిందికి పోయి, మీదికొచ్చింది.

గుటక సప్పుడు గోడ కాడికి గూడ ఇనవడ్డదని తర్వాత ఊరోళ్లే చెప్పిండ్రు.

కండ్లు తెరిచిండు. తెరిస్తె తడిగ ఉన్నయి. ఏడుపుతోనా, ఉప్పుతోనా, నాకేం తెలుసు. "ఉప్పగున్నయి," అన్నడు. నేను ఇన్న ఆయన మాటలల్ల నవ్వు లేకుంట అన్న మాట గదొక్కటే.

"మేం దినాం తాగేటివి గవే సారూ," అన్న. పక్కకు జరిగిన.

జీపెక్కి పోయిండు. పోంగ పోంగ భూమన్న దిక్కు చెయ్యి చాపి మరచెంబు అందుకున్నడు. నాకు కోపం రాలే. ఉప్పు నీళ్లు తాగినోనికి దూప గాదా?

ఓటు ఆయనకే వేసినవా అని అడుగుతరు చానమంది. చెప్ప. గెలిచిండు గని మళ్ల మా ఊరికి రాలే. ఆయనకు మస్తు ఊర్లున్నయి.

తెల్లారి నేను, రిబ్క బిందెలు పట్టుకోని పంచాయతి కాడికి పోయినం. వాడ ఆడోళ్లంతా ఎంట వచ్చిండ్రు గని మా పాత జాగ కాడికి రాంగనే ఆగిపోయిండ్రు. కాళ్లకు అలవాటాయె. నేను, రిబ్క ఆగలే. అరుగు మీద వీరప్ప పటేలు కూసోని తమలపాకు నములుతుండు. రాత్రి ఊరోళ్లు ఆయనను ఏమేం అన్నరో ఏమో, మొకం మాడి ఉన్నది.

"పటేలా, అందరి ముందట అన్నవు."

ఆయన నమిలిండు, నమిలిండు. గిప్పుడు కాదంటె నేనేం చేస్త? ఏ ఎంపీని పిలుస్త?

"అన్న," అన్నడు. "కొట్టుకో పో." మొకం అటు తిప్పుకున్నడు.

హ్యాండిల్ పట్టుకున్న. రెండు గుంజులకు ఏం రాలే. మూడో గుంజుకు దబ్బున దుంకినయి నీళ్లు. సల్లగ, తెల్లగ. దోసిట్ల పట్టి రిబ్కకు తాపిన. తాగుకుంట కండ్లు మూసుకుంది పిల్ల. ఆమె బిందె నిండింది, నా బిందె పెట్టిన. గంతల కాశమ్మ వచ్చింది, బిందె సంకనేసుకోని, చేతిల నీళ్ల చెంబుతోని.

నా ఎనుకనే నిలబడ్డది. తంతదేమో అని నేను బిందెకు కాలు అడ్డం పెట్టిన.

"ఏందే, పొద్దంత నువ్వే కొడుతవా?" అని కసిరింది. "జరుగు ఇగ. నాకు ఇంట్ల పనుంది."

మీరు నమ్మరు గని, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్నేండ్లల గామె నన్ను దూరం పో అన్నది, అటు నిలబడు అన్నది, థూ అన్నది. జరుగు అని మాత్రం ఎన్నడు అనలే. జరుగు అనాలంటె ముందు నేను గా జాగల ఉండాలె గద.

"నీకంటె ముందొచ్చిన," అన్న. "లైన్ల నిలబడు కాశమ్మా."

పటేలమ్మా అనలే. కాశమ్మా అన్న. ఆమె మొకం ఎర్రగయింది, గొణిగింది, శాపనార్థాలు పెట్టింది. గని నిలబడ్డది. నా ఎనుక, లైన్ల. నేను గూడ తక్కువదాన్నా, కావాల్నని మెల్లగ కొట్టిన. దూరం నిలబడ్డ సాలమ్మ గది చూసి ఒక్కొక్క అడుగు వేసుకుంట వచ్చి కాశమ్మ ఎనుక నిలబడ్డది. ఆమె ఎనుక ఇంకొకతె.

బిందె ఎత్తుకోని నేను పక్కకు రాంగనే కాశమ్మ చెంబుతోని హ్యాండిల్ మీద నీళ్లు గుమ్మరిచ్చి రుద్ది రుద్ది కడిగింది. కడుపుల మండింది నాకు. గని పొయ్యిల మంట గూడ ఎక్కువసేపు ఉండలే.

"మంచిగ కడుగు కాశమ్మా," అన్న. "మాపటికి మళ్లొస్త."

ముందట బిందెతోని నడుస్తున్న రిబ్క పకపక నవ్వింది. ఏడాదికి నవ్వింది నా కోడలు. నవ్వితె బిందె ఊగింది, నీళ్లు తొణికి ఆమె మొకం మీద, రైక మీద కారినయి.

"నవ్వకే! నీళ్లన్ని పోతున్నయి!" అని ఒర్రిన, అలవాటు కొద్ది.

"పోతె పోనీ అత్తా," అన్నది. "మళ్ల తెచ్చుకుందాం."